బుట్టతో అన్నమాట

అల్లుడితో సూటిగా మాట్లాడకూడదు మేం.
అందుకే నీతో అంటున్నాను, బుట్టా.
అతను అక్కడే, గాదె నీడలో
కత్తి నూరుకుంటున్నాడు.
వినబడితే నా తప్పు కాదు.

మా చేవా వాళ్లలో నేల ఆడవాళ్లది.
మగవాళ్లందరూ ఇల్లరికమే.
చాపా పారా పట్టుకుని వస్తారు,
పొసగకపోతే
చాపా పారా పట్టుకుని పోతారు.
అలాంటివాడు చెట్టెందుకు నాటుతాడు?
ముప్పై ఏళ్లలో నా మొగుడు
ఒక్క బొప్పాయి గింజ పూడ్చలేదు,
ఉమ్మిన చోట మొలిచినవే తప్ప.

ఈ కెఫాసి మాత్రం
ఏదో నర్సరీలో ఆర్నెల్లు పనిచేసి వచ్చి
మసుకు చెట్టుని పెరట్లోకి తెస్తానన్నాడు.
వాడకట్టంతా నవ్వింది.
మసుకుని నాటడమేంటి,
వానని నాటినట్టు, కోతుల్ని నాటినట్టు!
ఎవరిదీ కాదు కాబట్టే అది అందరిదీ.
గాదె అడుగు కనబడే నెలల్లో
తొలి చినుకులకి కొండ మీద రాలి
మమ్మల్ని గట్టెక్కించిన పండు.

నీ అంచు ఇంకా పచ్చిగా ఉన్నప్పటి మాట.
చీకటితో కొండెక్కి
ఎండ నడినెత్తికొచ్చే వేళకి
డెడ్జా రోడ్డు పక్కన కూచునేవాళ్లం.
బస్సు కిటికీలోంచి ఒక చెయ్యొచ్చి
పండు నొక్కి చూసి
"తియ్యగా ఉంటాయా?" అనేది.
ఏం చెబుతాం?
ఒక చెట్టుది తేనె, పక్క చెట్టుది పీచు.
అన్నీ కలిపేసి
వచ్చిన ధరకి దులుపుకుని లేచేవాళ్లం.

తర్వాత బొగ్గు కాల్చేవాళ్లొచ్చి
కొండకి గుండు గీశారు.
మిగిలినవి శ్మశానంలో చెట్లే,
అక్కడ గొడ్డలి ఎత్తే మొనగాడు లేడు.

గింజ వేస్తే పన్నెండేళ్లట.
అంతా చేసి సగం మగచెట్లట,
పూతే గాని పిందె ఉండదట.
(ఈ మాటకి కుండలో మొహం దాచుకుని నవ్వాను.)
కాసే చెట్టు కొమ్మ కోసి అంటుకడితే
మూడేళ్లు, మహా అయితే నాలుగు.
"ఏ చెట్టు తీపో మీ అమ్మనడుగు" అన్నాడట
నా కూతురితో.

చెప్పనా మాననా అని రెండు రాత్రులు.
పెద్ద కాయ చెట్టు ఊరందరికీ తెలుసు, అది ఉత్త నీళ్లు.
అసలు చెట్టు మా అమ్మ తలాపున ఉంది.
పల్చటి తొక్క.
నాలుగు గింజల చుట్టూ
వేళ్లని అంటుకుని వదలని గుజ్జు.
తిసియెంజి చెవిలో ఊదాను.
ఊరిపెద్దకి కోడినిచ్చి, చెప్పులు విప్పి వెళ్లి
పెన్సిలంత కొమ్మలు ఇరవై తెచ్చాడు.

అతుకు పట్టింది. ఆకు పసుపెక్కింది.
నీడ కట్టాడు, పేడ వేశాడు,
పెళ్లాం మంచి బట్ట అమ్మి సంచీ ఎరువు కొన్నాడు.
ఒక్కోటే తల వాల్చేసి, పదమూడు పోయాయి.
ఆ వారం అతను అన్నం ముందు చేతులు కడుక్కుని
తినకుండా లేచిపోయేవాడు.

అప్పుడే కదా నిన్ను చంకనెత్తుకుని
కోడి కూయకముందు వెళ్లింది?
పాలు తోడుకోవాలంటే
పాత పెరుగు చుక్కైనా పడాలి.
మసుకు వేరుకీ తోడు కావాలి,
తల్లిచెట్టు కింద మట్టి.
ఇది ఏ నర్సరీలోనూ నేర్చుకోలేదు నేను.
తవ్వుతూ "కొంచెమే అమ్మా" అన్నాను.
నీ అల్లికల్లో ఆ మట్టి ఇంకా ఉంది,
దులపలేదు నేను.

ఏడు బతికాయి.
ఈ ఏడు ఒకటి కాసింది, పదకొండు పళ్లు.
నా నడుమెత్తు లేదు, సిగ్గులేని చెట్టు!
రోడ్డు మీద ధైర్యంగా చెప్పాను,
అన్నీ ఒక్క చెట్టువే, ఏది తిన్నా ఇదే తీపి అని.
బేరమాడకుండా కొన్నారు.

నిన్న పక్కింటి బుడ్డోడు ఒకటి కోశాడు.
"మాది!" అని అరిచాను.
మసుకు గురించి ఆ మాట
మా వంశంలో ఎవరి నోటా రాలేదు.
వాడు పండు కింద పెట్టి పోయాడు.
అది నేను తినలేకపోయాను, అమ్మలేకపోయాను.

ఇంకోటి, బుట్టా.
రేపు వీళ్లిద్దరికీ పొసగకపోతే
అతను చాప పట్టుకెళ్తాడు, పార పట్టుకెళ్తాడు.
చెట్టుని చుట్టచుట్టి చంకన పెట్టుకోలేడు.
అది తెలిసే నాటాడా,
తెలియక నాటాడా?

నేనడగను.
నీతో అంటున్నానంతే,
కాస్త గట్టిగా.